ఫ్లెక్స్ ప్లేట్ ఎంపిక, 4వ పాఠం: బోల్టులు పట్టినా బండి ఎందుకు వణుకుతోంది?

పోయినసారి ఫ్లెక్స్ ప్లేట్ (ఆటోమేటిక్ బండిలో ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ వెనక బిగించే పళ్ల చక్రం) పళ్లు లెక్కపెట్టడం చెప్పాను. అందరూ లెక్క సరిగ్గానే పెట్టారు. అయినా 168 పళ్ల షెవర్లే ప్లేట్ తెప్పించి గాజువాక ఆటోనగర్‌లో బిగించుకున్న ఒకరి ఇంజన్ ఐడిల్ దాటితే చాలు వణుకుతోంది. ఎంవీపీ కాలనీ నుంచి ఇంకొకరు, ప్లేట్ రంధ్రాలు క్రాంక్ రంధ్రాలతో కలవడమే లేదని ఫొటో పంపారు. ఈ రెండూ తేలాకే స్టార్టర్ సంగతి చూద్దాం.

రంధ్రాల సమస్య సులువు. షెవర్లే స్మాల్ బ్లాక్ (చిన్న సైజు V8 ఇంజన్ల కుటుంబం)లో 1985 వరకు వెనక ఆయిల్ సీల్ రెండు ముక్కలు, 1986 నుంచి ఒకే ముక్క. దాంతోపాటే క్రాంక్ ఫ్లాంజ్ (ప్లేట్ బిగించే చివర) మారింది. బోల్టుల వలయం వ్యాసం పాతదానికి 3.58 అంగుళాలు, కొత్తదానికి 3. కొలవడానికి రంధ్రం మధ్యబిందువు వెతుక్కోనక్కర్లేదు. ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి సరిగ్గా ఎదురు రంధ్రం ఎడమ అంచుకు కొలవండి, సరిపోతుంది.

వణుకే అసలు సమస్య. ఆ పాఠకుడి బండి ఆర్‌సీలో 1968 మోడల్. దాన్ని చూసి బరువు లేని సాదా ప్లేట్ తెప్పించారు. బండిలో ఉన్నది మాత్రం షెవర్లే 400 (ఈ అంకె ఇంజన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో). ఆ ఇంజన్ వచ్చిందే 1970లో. అంటే పాత యజమానుల్లో ఎవరో మార్చేశారు. 400 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 3.75 అంగుళాలు. లోపల క్రాంక్ కౌంటర్‌వెయిట్లకు (తూకం సరిచేసే బరువులకు) కావలసినంత చోటు లేక, మిగతా బరువును బయట పెట్టారు: కొంత ముందున్న హార్మోనిక్ బ్యాలెన్సర్ (క్రాంక్ ముందు చివరన ఉండే చక్రం) మీద, కొంత వెనక ఫ్లెక్స్ ప్లేట్ మీద. 1985 వరకు వచ్చిన 350కి ఈ బయటి బరువు అక్కర్లేదు. రెండింటి బోల్టులూ ఒకటే, పళ్లూ ఒకటే కావచ్చు. అందుకే ప్లేట్ చక్కగా కూర్చుంటుంది, మెకానిక్ సంతోషంగా బిగించేస్తాడు.

బోల్టులు పట్టాయంటే ప్లేట్ సరిపోయినట్టు కాదు. ఎన్నిసార్లయినా ఇదే చెబుతాను. 1986 నుంచి వచ్చిన 350 చూడండి: ముందు బ్యాలెన్సర్‌కు బరువు ఉండదు, వెనక ప్లేట్‌కు ఉంటుంది. ఫోర్డ్ 302 ఇంకా ప్రమాదం. పాతవాటికి బయటి బరువు కొలత 28 ఔన్స్-ఇంచ్, 1980ల మొదట్లో మారాక 50. రెండు రకాల్లోనూ 157 పళ్లవీ ఉన్నాయి, 164 పళ్లవీ ఉన్నాయి. పక్కపక్కన పెడితే వెల్డ్ చేసిన బరువు ముక్క పరిమాణంలోనే తేడా. ఎక్కువైన బరువును గ్రైండర్‌తో కోసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది బ్యాలెన్సింగ్ మెషీన్ ఉన్నచోట, క్రాంక్‌తో కలిపి చేయాల్సిన పని.

పాత ప్లేట్‌ను నమూనాగా పంపడం కూడా నాకు నచ్చదు. బండిలో ఇప్పుడున్నది సరైనదేనని ఎవరు చెప్పారు? ముందు ఇంజన్ ఏదో తేల్చండి. షెవర్లే స్మాల్ బ్లాక్ కాస్టింగ్ నంబరు (పోతపోసేటప్పుడే పడే నంబరు) బ్లాక్ వెనక, గేర్‌బాక్స్ కలిసేచోట, ఎడమవైపు ఉంటుంది. అమెరికన్ మాన్యువల్ ‘డ్రైవర్ సైడ్’ అంటుంది. మన డ్రైవర్ కూర్చునేది కుడివైపు కాబట్టి అక్కడ వెతికి లేదనుకోకండి. నంబరు మీద గ్రీజు, తుప్పు పేరుకుని ఉంటాయి, వైర్ బ్రష్ తీసుకెళ్లండి.

పళ్ల విషయంలో నా ఇష్టం చెప్పాలంటే, బెల్ హౌసింగ్‌లో (ప్లేట్‌ను కప్పే గేర్‌బాక్స్ ముందు డొప్పలో) చోటుంటే షెవర్లేకు 168 పళ్లదే తీసుకుంటాను. చోటు చిన్నదైతే 153 తప్ప దారి లేదు.

అభ్యాసం: ఈ ఆదివారం బ్యాటరీ నెగటివ్ తీసేసి, గేర్‌బాక్స్ కింది డస్ట్ కవర్ విప్పండి. ఇంజన్ ముందువైపున్న క్రాంక్ బోల్టుకు స్పానర్ వేసి ఇంజన్‌ను చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ, ప్లేట్ మీద బరువు ముక్క ఉందో లేదో ఫోన్‌తో వీడియో తీయండి. ముందు బ్యాలెన్సర్‌నూ అలాగే. కాస్టింగ్ నంబరు, పళ్ల సంఖ్య, బరువు వివరం మూడూ ఒక కాగితం మీద రాయండి. మూడూ ఒకే ఇంజన్ వైపు చూపించకపోతే ఆర్డర్ పెట్టకండి. వెనక్కి పంపాలంటే మళ్లీ షిప్పింగ్, మళ్లీ కస్టమ్స్.