వలసపాలన సైనికుల సినిమాలు: ఫిల్మ్ క్లబ్బులో ఎలా వేయాలి

ఫ్రాన్స్ జెండా కింద పోరాడిన ఆఫ్రికా సైనికుల మీద మూడు మంచి సినిమాలున్నాయి. వారానికొకటి చొప్పున మూడు వారాలు వేయండి. యుద్ధ సినిమా అనగానే అందరి చూపూ తుపాకుల మీదే ఉంటుంది. వీటిలో వివక్ష ఎక్కువగా తిండిలో, బట్టల్లో, జీతం లెక్కల్లో కనిపిస్తుంది. అందుకే సినిమాకు ముందే ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇవ్వండి. అందులో తిండి, దుస్తులు, పదోన్నతి, డబ్బు, భాష అని ఐదు గళ్లు గీసి ఉంచండి. ఎక్కడ ఏది కనబడితే ఆ గడిలో రెండు మాటలు రాసుకుంటారు.

మొదట రషీద్ బుషారెబ్ తీసిన 'డేస్ ఆఫ్ గ్లోరీ' (2006) వేయండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన ఉత్తర ఆఫ్రికా సైనికుల కథ. సుమారు రెండు గంటలు. మామూలు యుద్ధ సినిమాలాగే నడుస్తుంది కాబట్టి కొత్తవాళ్లకూ ఇబ్బంది ఉండదు. ఓడలో టమాటాలు తెల్ల సైనికులకే వడ్డించి ఆఫ్రికావాళ్లకు లేవనే సన్నివేశం, సెన్సారు దగ్గర ఆగిపోయిన మెసౌద్ అనే సైనికుడి ఉత్తరాలు, అర్హత ఉన్నా సార్జెంటు కాలేకపోయిన అబ్దెల్‌కాదర్ అనే సైనికుడు, ఈ మూడూ కాగితం మీదకు రావాలి. చివర్లో కెమెరా ఎవరిని చిత్రిస్తోందో, ఎవరిని వదిలేస్తోందో గమనించమని ముందే చెప్పండి. చాలామంది అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు.

రెండోది 'కాంప్ ద తియారోయ్' (1988). యుద్ధం నుంచి తిరిగొచ్చి సెనెగల్‌లో డకార్ దగ్గరి శిబిరంలో ఉన్న ఆఫ్రికా సైనికుల కథ. అసలు బరువంతా దీనిదే. తీసినవాళ్లు ఉస్మాన్ సెంబెన్, తియెర్నో ఫాతి సౌ. సెంబెన్ స్వయంగా రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి వలస సైన్యంలో పనిచేశాడు. నిడివి రెండున్నర గంటలు, నడక నెమ్మది. విరామం లేకుండా వేస్తే సగం హాలు ఖాళీ అవుతుంది. సైనికుల ఒంటి మీది అమెరికన్ దుస్తులు విప్పించి పాత యూనిఫాం, ఎర్రటోపీ ఇచ్చే సన్నివేశం తర్వాత పది నిమిషాలు ఆపండి. తర్వాతి గొడవంతా డబ్బు మార్పిడి గురించి. చేతిలోని ఫ్రెంచి నోట్లకు సగం విలువే కడతామంటారు. ఈ లెక్క విరామంలోనే బోర్డు మీద వేసి చూపించండి. అది అర్థం కాకపోతే తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలియదు. 1944 డిసెంబరు 1న డకార్ దగ్గర ఈ సైనికుల మీద నిజంగానే కాల్పులు జరిగాయి. చనిపోయింది 35 మంది అని ఫ్రెంచి అధికారులు చాలాకాలం చెప్పారు. ఆ సంఖ్య చరిత్రకారులు ఒప్పుకున్నది కాదు. అది మారణహోమమేనని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ అంగీకరించింది 2024లో.

మూడోది ఒమర్ సీ నటించిన 'ఫాదర్ అండ్ సోల్జర్' (2022). మొదటి ప్రపంచ యుద్ధం, బలవంతంగా ఫ్రెంచి సైన్యంలో చేర్చిన కొడుకు, వాడిని కాపాడుకోవడానికి తానూ చేరిన తండ్రి. తండ్రి మాట్లాడేది పశ్చిమ ఆఫ్రికాలోని ఫులా భాష, అధికారులది ఫ్రెంచి. డబ్బింగ్ వెర్షన్ వేస్తే ఈ తేడా మొత్తం పోతుంది. అసలు ధ్వనితోనే వేయండి.

తెలుగు సబ్‌టైటిల్స్ మీరే చేసుకుంటే ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర ఎన్‌కోడింగ్‌లో భద్రపరచండి, లేకపోతే తెర మీద ప్రశ్నార్థకాలే వస్తాయి. కొన్ని ప్లేయర్లలో వత్తులు విడిపోతాయి. ముందు రోజే అదే ల్యాప్‌టాప్, అదే ప్రొజెక్టర్ మీద పది నిమిషాలు నడిపి చూడండి. ఒకసారికి రెండు వరుసలు మించొద్దు. ఫ్రెంచి మాటలకు తెలుపు, ఆఫ్రికా భాషలకు పసుపు రంగు పెడితే ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారో చూడగానే తెలుస్తుంది. ఓటీటీ చందా ఉంటే చాలనుకోవద్దు. నలుగురికీ వేయాలంటే హక్కుదారు అనుమతి విడిగా అడగాలి.

చర్చలో రెండు విషయాలు తప్పకుండా సరిచేయండి. 'డేస్ ఆఫ్ గ్లోరీ' వల్ల ఈ మాజీ వలస సైనికుల పింఛన్ల సమస్య తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. 1959 నుంచి పెంచకుండా ఆపేసిన పింఛన్లను 2006లో పెంచిన మాట నిజమే. పాత బకాయిలు మాత్రం ఇవ్వలేదు. రెండోది, 1944లో ఇటలీలో ఫ్రెంచి సైన్యంలోని మొరాకో సైనికులు పెద్ద ఎత్తున చేసిన అత్యాచారాలు ఆ సినిమాలో లేవు. అన్యాయానికి గురైన సైన్యం అనేసి ఆ స్త్రీలను పక్కన పెట్టకూడదు, ప్రశ్న వస్తే సూటిగా చెప్పండి.

మన వైపు నుంచి ఒక ముడి వేయాలంటే 'యోధ జాతులు' అన్న బ్రిటిష్ సిద్ధాంతం చాలు. కొన్ని జాతులే పుట్టుకతో యుద్ధానికి పనికొస్తాయన్నది దాని సారం. అంతకుముందు మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు సిపాయిలుగా ఉండేవారు. 19వ శతాబ్దం చివర్లో ఆ సిద్ధాంతం పేరుతోనే వాళ్లను చేర్చుకోవడం మానేశారు. ఎవరు సైనికుడో, ఎవరు కాదో కాగితం మీద తేల్చేశారన్న మాట. కాగితం గళ్లు చివరిసారి చదివేటప్పుడు ఈ మాట చెప్పి, ఏ గడి ఎక్కువ నిండిందో అడగండి.