నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్: షాపులో కాదు, చిత్తూరు బస్సులో పరీక్షించండి

షాపులో ఏసీ కింద నిలబడి, రెండు నిమిషాలు పాట విని హెడ్‌ఫోన్స్ కొనేస్తారు చాలామంది. పాట మోగుతుంటే మామూలు హెడ్‌ఫోన్స్ కూడా బయటి గోలను కప్పేస్తాయి. ఇక నాయిస్ క్యాన్సిలింగ్ సంగతి ఎలా తెలుస్తుంది?

ముందు రిటర్న్ షరతు చదవండి. 'రీప్లేస్‌మెంట్ మాత్రమే' అని ఉంటే కొనకండి, నచ్చకపోయినా మళ్లీ అదే మోడల్ చేతికొస్తుంది. చెవిని పూర్తిగా కప్పే రకమే తీసుకోండి. ప్రయాణానికి ఇయర్‌బడ్స్ వద్దు. ఫుల్ చార్జ్ చేసి మొదలుపెట్టండి.

1. సౌకర్యం

ఇంట్లో గంటసేపు తీయకుండా పెట్టుకోండి. రోజూ పెట్టుకునే కళ్లద్దాలు, కమ్మలు అలాగే ఉండాలి. నడినెత్తి నొప్పి, అద్దాల కాడ నొక్కుకోవడం పది నిమిషాల్లో బయటపడవు. 250 గ్రాములు దాటితే రాత్రి ప్రయాణానికి పనికిరాదు. మన తిరుపతి ఎండలకు రెగ్జిన్ కుషన్ల కింద చెమట పట్టేస్తుంది, అందుకే మధ్యాహ్నం పూట ఏసీ లేకుండా చూడండి.

2. శబ్దం ఎంత తగ్గుతోంది?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి, లోపలి చిప్ దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టిస్తుంది. రెండూ కలిసి అణిగిపోతాయి. ఇంజిన్ రొదలా ఒకే తీరుగా సాగే మంద్రమైన శబ్దాల మీదే ఇది బాగా పనిచేస్తుంది. శబ్దం సన్నబడి సుమారు 1000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాటాక అడ్డుకునే పని ఎక్కువగా కుషన్లదే. కాబట్టి పక్కవాళ్ల మాటలు వినిపిస్తున్నాయని హెడ్‌ఫోన్స్‌ను తిట్టడం న్యాయం కాదు.

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కి, వెనక చక్రం మీది సీట్లో కూర్చోండి. ఊరు దాటి బస్సు ఒకే వేగం అందుకునే దాకా ఆగండి. పాట పెట్టొద్దు. ఒక నిమిషం చెవులు ఖాళీగా వినండి. ఒక నిమిషం పెట్టుకుని, క్యాన్సిలింగ్ ఆఫ్‌లో ఉంచి వినండి. తర్వాత ఆన్ చేయండి. రెండో నిమిషానికీ మూడో నిమిషానికీ ఉన్న తేడాకే మీరు అదనంగా డబ్బు కడుతున్నది. ట్రాన్స్‌పరెన్సీ మోడ్‌తో పోల్చి మురిసిపోకండి, అది బయటి శబ్దాన్ని కావాలని లోపలికి పంపుతుంది. కొన్నింటిలో ఆఫ్ మోడ్ కోసం యాప్‌లోకి వెళ్లాలి.

ఇప్పుడు చెవుల మీది కప్పుల అంచులను వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కండి. మైకు రంధ్రాలు మూయొద్దు, కీచుమంటుంది. నొక్కగానే రొద ఇంకా తగ్గిందా? అంటే ఎక్కడో సందుంది. అద్దాల కాడ, జుట్టు సర్ది మళ్లీ చూడండి. అప్పటికీ అంతే అయితే ఎంత పేరున్న మోడలైనా మీ తలకు కాదు. కిటికీ తెరిచి గాలిలోనూ వినండి, నాసిరకం మైకులు గాలికి హోరెత్తుతాయి.

ఆన్ చేస్తే కొందరికి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పటిలా చెవులు దిబ్బడేసినట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్స్ వల్ల గాలి ఒత్తిడి మారదు, అలా అనిపిస్తుందంతే. అరగంటకీ తగ్గకపోతే వెనక్కి ఇచ్చేయండి. ఈ పరీక్ష మాత్రం తిరుమల బస్సులో చేయకండి. అక్కడ ఒత్తిడి నిజంగానే మారుతుంది, మలుపు మలుపుకీ ఇంజిన్ మోత కూడా మారుతుంది. ఏది దేనివల్లో తేలదు.

3. పాట

బాగా తెలిసిన పాటను నిశ్శబ్దమైన గదిలో వినండి. మృదంగం రెండు వైపులా విడివిడిగా తెలియాలి. క్యాన్సిలింగ్ ఆన్ చేయగానే బేస్ మారిపోతే అది వద్దు. బస్సులోనూ సగం వాల్యూమ్ చాలాలి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు.

4. ప్రయాణం

మడత, గట్టి పెట్టె, 3.5 ఎంఎం వైరు ఉండాలి. విమానంలో చేతిబ్యాగులోనే పెట్టుకోండి, లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది. రేణిగుంట స్టేషన్లో అనౌన్స్‌మెంట్ కోసం ఒక్క నొక్కుతో ట్రాన్స్‌పరెన్సీ రావాలి. బటన్లున్నవే కొనండి. టచ్ ప్యానెల్ అయితే సీటుకు తల ఆనించినా పాట మారిపోతుంది.