పిల్లాడికి బొమ్మల పిచ్చి ఉంటే ఏం చెయ్యాలి? దామెర్ల రామారావు గారి చిన్నతనం చూసి మొదలెట్టండి

మావాడు నోట్సుల వెనకంతా బొమ్మలే గీస్తున్నాడండీ, ఏ క్లాసులో చేర్పించమంటారు అని అడుగుతుంటారు చాలామంది. క్లాసు సంగతి తర్వాత, ముందు 1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావు గారికి కుర్రతనంలో ఎవరు ఏం చేశారో చూడండి, మనం ఇంట్లో చెయ్యాల్సింది సగం అక్కడే తెలిసిపోతుంది. 28 ఏళ్ళు కూడా నిండకుండానే 1925లో మశూచి వచ్చి పోయారాయన, ఆ కాస్త కాలంలోనే ఆంధ్రా చిత్రకళ అనగానే తన పేరు గుర్తొచ్చేలా వేశారు.

అప్పట్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అని ఒక దొర ప్రిన్సిపాల్. ఆయనకి స్వయంగా బొమ్మలు వెయ్యడం వచ్చు, ఈ కుర్రాడి చేతిలో పనితనం కనిపెట్టి దగ్గరికి తీశాడు, అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యుడే. కాబట్టి మీరు మొట్టమొదట చెయ్యాల్సింది బొమ్మలు వేసే మనిషిని ఒకరిని వెతకడం. ఆ మనిషి పెద్ద ఆర్టిస్ట్ అవ్వక్కర్లేదు, మీ వీధిలో సైన్‌బోర్డులు రాసేవాళ్ళైనా సరే, వారానికి ఒక గంట పిల్లాడి పక్కన కూర్చుని తన బొమ్మ తను వేసుకుంటే చాలు. ఎలా పట్టుకుంటున్నాడు, ఎక్కడ ఆగుతున్నాడు, తప్పు పోతే ఏం చేస్తున్నాడు అన్నది పిల్లలు చూసే పట్టేస్తారు.

సామాను దగ్గర తొందరపడకండి. నేను మా అబ్బాయికి ఖరీదైన కలర్ సెట్ కొనిచ్చి వారంలో అన్ని రంగులూ కలిసి బురదైపోతే నెత్తి పట్టుకున్నాను. ఒక చిన్న స్కెచ్ బుక్, 2బి, 6బి అని మెత్తగా నల్లగా గీసే పెన్సిళ్ళు రెండు, ఇంతే. రబ్బరు మొదటి నెల ఇవ్వకండి, చేతిలో ఉంటే గీసేదానికన్నా చెరిపేదే ఎక్కువవుతుంది.

ఇప్పుడు అసలు పని. మొబైల్లో బొమ్మ పెట్టుకుని కాపీ కొట్టడం మానిపించండి, అది ముందే ఎవరో చదును చేసి ఇచ్చిన బొమ్మ కదా, ఏది దగ్గర ఏది దూరం అని కన్ను వెతుక్కునే పనే ఉండదు. కదిలేవాటి దగ్గరికి తీసుకెళ్ళండి, చెరువులో గేదెలు, బస్టాండులో మూటల మీద కునుకు తీసేవాళ్ళు, ఇంట్లో కూర తరిగే అమ్మమ్మ. ఒక్కో బొమ్మకి రెండు నిమిషాలే, గేదె లేచి వెళ్ళిపోతే ఆ బొమ్మ అంతే, పక్కన ఇంకోటి మొదలెట్టమనండి. ముందు వీపు గీత ఎటు వంగిందో చూడమనండి, కళ్ళూ ముక్కూ తర్వాత. రాత్రి పడుకునే ముందు పొద్దున చూసిన గేదెనే చూడకుండా మళ్ళీ గియ్యమంటే ఎక్కడ సరిగ్గా చూడలేదో వాడికే తెలిసిపోతుంది, నన్నడిగితే అన్నిట్లోకీ ఇదే గట్టి సాధన.

కూల్డ్రే చేసిన ఇంకో మంచి పని, కుర్రాళ్ళని అజంతా ఎల్లోరా తీసుకెళ్ళి చూపించడం. అచ్చులో చూసేదానికీ గోడ ముందు నిలబడేదానికీ పోలికే లేదు. మీకు అంత దూరం కుదరకపోతే లేపాక్షి ఉంది, పైకప్పు మీద విజయనగరం కాలం నాటి బొమ్మలు, మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు.

స్కూలు అన్నది వీటి తర్వాతే. రామారావు గారు బొంబాయిలో జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ అనే బొమ్మల బడికి వెళ్ళింది 1916లో, అప్పటికి 19 ఏళ్ళు. అక్కడిది బ్రిటిష్ పద్ధతి చదువు, ప్లాస్టర్ విగ్రహాలు ముందు పెట్టుకుని వెలుగునీడలు కొలిచి వెయ్యాలి. అంత విసుగు పనికి ఎనిమిదేళ్ళ పిల్లాడిని కూర్చోబెడితే పెన్సిలే మానేస్తాడు, అందుకే డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలకి తొందరపడకండి.

వీలుంటే ఒకసారి రాజమండ్రి వెళ్ళండి, ఆయన పేరు మీద గ్యాలరీ ఉంది. అన్నీ చుట్టేసి రాకుండా ఒక్క బొమ్మ వాణ్ణే ఎంచుకోమని దాని ముందు ఇరవై నిమిషాలు ఉంచండి, ఆ తర్వాత గోదావరి గట్టుకి తీసుకెళ్ళి బుక్కు చేతికిచ్చి మీరు కాస్త దూరంగా టీ తాగుతూ కూర్చోండి.