గిటార్ లేని బ్యాండ్‌లో బురద శబ్దం: విజయనగరంలో సరిచేసిన పద్ధతి

రెండు కీబోర్డులు, డ్రమ్స్, ఒక గొంతు. పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో వీధి స్టేజీ మీద ఇలా వాయిస్తే పాట ముద్దగా వినిపించేది. తప్పు స్పీకర్లది కాదు. ఇద్దరి ఎడమ చేతులూ ఒకే చోట, 200–400 హెర్ట్జ్ మధ్య, కుమ్ముకుంటున్నాయి.

బేస్, అంటే పాట అడుగున నడిచే మంద్ర స్వరాలు, ఒక్కరికే అప్పగించాలి. 61 మెట్ల కీబోర్డులో ఎడమ నుంచి 19 మెట్లు స్ప్లిట్ చేసి (వేరే టోన్ పలికేలా విడదీసి), బేస్ టోన్ పెట్టి, ఒక ఆక్టేవ్ కిందికి దించాలి. ఇక్కడ చాలామంది మరిచేది స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్. కుడిచేతి పియానో కోసం తొక్కితే బేస్ స్వరాలు కూడా ఒకదాని మీద ఒకటి సాగిపోతాయి. కింది భాగానికి పెడల్ ఆపేయాలి. రెండో కీబోర్డుకి మిక్సర్‌లో కింది శబ్దాల్ని కోసేసే లో కట్ బటన్ నొక్కాలి, ఆ వాయించేవారు ఎడమ చేయి జేబులో పెట్టుకున్నా నష్టం లేదు. అమెరికన్ రాక్ బ్యాండ్ డోర్స్‌లో కీబోర్డు వాయించిన రే మంజారెక్ స్టేజీ మీద ఎడమ చేత్తోనే బేస్ నడిపాడు.

గిటార్ లేని లోటు స్వరంలో కన్నా లయలో ఎక్కువ తెలుస్తుంది. మెత్తగా సాగే ప్యాడ్ టోన్లు దాన్ని పూడ్చవు. తీగ మీటినట్టు పలికే క్లావినెట్ టోన్‌తో పొట్టి దెబ్బలు కొట్టాలి. తప్పెటగుళ్లు తోడుంటే అవీ తగ్గించొచ్చు.

స్పీకర్లు మోనో అయితే, అంటే అన్నిట్లో ఒకే శబ్దం వస్తుంటే, కీబోర్డు ఎడమ జాక్ (L/Mono) ఒక్కటే వాడాలి. ఎడమ, కుడి రెండూ కలిపితే కొన్ని స్టీరియో పియానోలు పలచబడతాయి. జనరేటర్ మీద గుయ్‌మంటే, కీబోర్డుని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి, ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం విరవొద్దు.