పాత స్కూటరు చవకగా కొనడం, దానిని దారికి తెచ్చుకోవడం

సెకండ్ హ్యాండ్ స్కూటరు చూడడానికి వస్తున్నామని ముందు రోజు ఫోన్‌లో చెప్పేటప్పుడే, "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని ఒక మాట చేర్చడం మంచిది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ తన రోగాలన్నీ మొదటి నిమిషంలోనే బయటపెడుతుంది. వేడెక్కిన ఇంజిన్ మాత్రం చాలావాటిని దాచిపెడుతుంది. అక్కడికి చేరగానే బేరం మొదలుపెట్టకుండా సైలెన్సర్ దగ్గరగా, తగలకుండా, అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే మీరు రాకముందే ఎవరో బండిని కాసేపు తిప్పారని అర్థం. తప్పు పట్టనక్కరలేదు గాని, మరోరోజు ఉదయం వస్తామని చెప్పి తిరిగి రావడమే మేలు.

తక్కువ డబ్బులో బండి కావాలనుకునేవారు ముందుగా చూడవలసినవి 2012 నుంచి 2019 వరకు వచ్చిన కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే పాత పద్ధతి పరికరం) మోడళ్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యానికి సంబంధించిన బీఎస్-6 నిబంధనలు వచ్చాక స్కూటర్లకు, సెన్సర్ల సాయంతో పెట్రోలు చిమ్మే ఫ్యూయెల్ ఇంజెక్షన్ అమర్చారు. అవి మంచి బండ్లే, కాని వాటిలో సెన్సర్ తంటా వస్తే వీధి చివరి మెకానిక్ చేతిలో పని కాదు, స్కానర్ ఉన్న చోటికి పోవాలి. కార్బ్యురేటర్ బండిని మాత్రం మండల కేంద్రంలోని చిన్న షెడ్డులో కూడా విప్పి బిగిస్తారు. యాక్టివా 2001లో వచ్చింది, 2009లో 110 సీసీ ఇంజిన్‌కు మారింది. టీవీఎస్ జూపిటర్ 2013లోనూ, సుజుకీ యాక్సెస్ 125 అంతకు ముందే 2007లోనూ వచ్చాయి. ఈ మూడింటి సామాను దొరకని ఊరు మన రెండు రాష్ట్రాలలో అరుదు. హైదరాబాదులో ఉన్నవారికి బండ్ల సామాను దొరికే పుత్లీబౌలి ఉండనే ఉంది. పాత చేతక్ మీద మోజున్నవారి సంగతి వేరు; అది ఇష్టంతో చేసే పని, పొదుపు కోసం చేసేది కాదు.

చేతిలో ముప్పై వేలు ఉంటే ముప్పై వేల బండి కొనకూడదు. ఇరవై, ఇరవై రెండు వేలకు మించకుండా బేరం కుదుర్చుకుని మిగిలినది టైర్లకు, బ్యాటరీకి, బెల్టుకు, పేరు మార్పిడికి అట్టేపెట్టుకోవాలి. ఏ పాత బండి అయినా మొదటి రెండు నెలల్లో ఈ ఖర్చు అడిగే తీరుతుంది. నా లెక్కలో ఇంజిన్ అరగడం పెద్ద లోపం కాదు, అది డబ్బుతో బాగయ్యే విషయం. ఏ మెకానిక్కూ బాగుచేయలేనివి రెండే: వంగిన ఛాసిస్ (బండి చట్రం), సరిగాలేని కాగితాలు.

కాగితాల సంగతి కాస్త నిదానంగా చూడాలి. నంబర్ ప్లేటే కొంత కథ చెబుతుంది. ఏపీ 09 నంబరున్న హైదరాబాదు బండి 2014 జూన్ మధ్యకు ముందు రిజిస్టరైనదే. ఆ తరువాతవి టీఎస్, 2024 మార్చి నుంచి వచ్చినవి టీజీ. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ 39 అని ఉంటే అది 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ వచ్చిన తరువాతి బండి. "2016 మోడల్ అండీ" అని ఏపీ 09 బండిని చూపిస్తే అక్కడే ఆగి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) అడగాలి. సొంత వాహనం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి, గ్రీన్ టాక్స్ కట్టి, అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. అంటే 2012లో రిజిస్టరైన బండి గడువు 2027లో ముగుస్తుంది. ఏడాది లోపు గడువు ముగిసే బండి అయితే ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగడంలో మొహమాటపడనక్కరలేదు.

ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉందేమో తప్పక చూడండి. నేను కొన్న మొదటి పాత యాక్టివా విషయంలో అమ్మినాయన "అప్పు ఎప్పుడో తీరిపోయింది" అన్నారు. ఆ మాట నిజమే. కాని తీరిన తరువాత ఆయన ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోలేదు. ఆ కాగితం కోసం నేను దాదాపు మూడు నెలలు తిరిగాను, అంతవరకు బండి నా పేరుకు మారలేదు. అందుచేత అప్పు తీరినట్లు ఎన్‌వోసీ, ఆర్‌సీలోంచి ఫైనాన్స్ పేరు తీసేయడానికి ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు కావాలి. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి ఆర్టీఏ (రవాణా కార్యాలయం) నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ కూడా కావాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలని చట్టం. ఇన్సూరెన్సును కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రమాదం జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమానిగా బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, తెలివైన అమ్మకందారు తానే తొందరపడతాడు. "సంతకం పెట్టిస్తా, తీరిగ్గా మార్చుకోండి" అనేవారి దగ్గర కొంచెం జాగ్రత్త పడాలి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లను ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చి చూసుకోవాలి. మట్టి పట్టి కనబడకపోతే గుడ్డతో తుడిచి, కాగితం అద్ది పెన్సిల్ రుద్దితే అంకెలు తేలతాయి. పెండింగు చలానాలు ఫోన్‌లోనే తెలుస్తాయి. అవి అమ్మేవారే కట్టాలి.

ఇక బండి. మొదట కిక్కుతో స్టార్ట్ చేయించండి, తరువాతే సెల్ఫ్. రెండు మూడు కిక్కులకు అందుకుంటే కంప్రెషన్ (ఇంజిన్ లోపలి ఒత్తిడి) బాగున్నట్లే. స్టార్ట్ అయిన క్షణంలో నీలి పొగ ఒక్క గుప్పెడు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అనుకోవచ్చు, అది చిన్న ఖర్చు. యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ నీలి పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ మండుతోందని అర్థం. బోర్ పని (సిలిండర్ మరమ్మతు) ఖర్చు లెక్క వేసుకోవాలి. నల్ల పొగ పెట్రోలు ఎక్కువ పోతోందని చెబుతుంది, అది తరచుగా ఎయిర్ ఫిల్టర్ దగ్గరే తేలిపోతుంది. చలికాలం ఉదయం కనిపించే పలుచని తెల్లని ఆవిరికి కంగారు పడనక్కరలేదు.

మీటరులో కనబడే కిలోమీటర్లను నమ్మవద్దు. కేబుల్ తెగి ఏళ్ల తరబడి ఆగిపోయిన మీటర్లు చాలా ఉంటాయి. అంతకన్నా నిజం చెప్పేవి కిక్ రాడ్డు మీది రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పులు, ఫుట్‌బోర్డు మీద ఎడమ మడమ పెట్టే చోటు. పద్దెనిమిది వేల కిలోమీటర్లని మీటరు చెబుతూ, కిక్ రబ్బరు గాడులు పూర్తిగా చెరిగి నున్నబడి ఉంటే, ఏది నమ్మాలో మీకే తెలుస్తుంది.

సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాలిలో ఉండేట్లు వెనుక ఎవరినైనా నొక్కి పట్టుకోమనండి. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే నడిమధ్యన ఏదో గాడిలో పడినట్లు అనిపిస్తే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) పోయినట్లే. తరువాత వెనుక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపి చూడండి; ఇంజిన్‌తో సహా ఊగితే ఇంజిన్ బుష్‌లు (ఇంజిన్‌ను చట్రానికి పట్టి ఉంచే రబ్బరు బిళ్లలు) అరిగాయి. ఇవన్నీ మార్చుకోగలిగినవే. కాని బండిని నేరుగా నడుపుతున్నప్పుడు హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉండడం, వెనుక నుంచి చూస్తే రెండు చక్రాలు ఒకే గీతలో లేకపోవడం కనిపిస్తే, ఎంత చవకైనా ఆ బండిని వదిలేయాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ల బండ్లకు ఫుట్‌బోర్డు కిందా, సైలెన్సర్ అడుగునా తుప్పు తప్పక చూడాలి. పైకి మెరిసే రేకు కింద పొరలు పొరలుగా లేచి ఉండవచ్చు.

నీట మునిగిన బండ్లది వేరే లెక్క. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ లెక్కలేనన్ని ద్విచక్ర వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటిని కడిగి, పాలిష్ పెట్టి అమ్మితే పైకి తెలియదు. హెడ్‌లైట్ అద్దం లోపల సన్నని ఒండ్రు గీత, సీటు అడుగున స్పాంజికి మురుగు వాసన, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూలల్లో ఎండిన బురద, డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) మీద పాలు కలిసిన కాఫీ రంగు ఆయిల్, వీటిలో ఏది కనిపించినా వెనక్కి తిరగడమే. అటువంటి బండిలో వైరింగు ఒక్కొక్క నెలలో ఒక్కొక్క చోట చచ్చుబడుతూ పోతుంది.

బేరం కుదిరి బండి ఇంటికి వచ్చాక మొదటి పని పెయింటు కాదు, బ్రేకులు. డ్రమ్ము బ్రేకుల దగ్గర లివరు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు అది డ్రమ్ము మీది గుర్తుకు చేరితే షూలు మార్చాలి. కేబుల్ మాటిమాటికీ బిగించి నెట్టుకురావడం ప్రమాదం. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 3519 అంటే 2019లో 35వ వారం. అరగకపోయినా, గోడ మీద వెంట్రుకవాసి పగుళ్లు కనిపించే పాత టైరు వానలో పట్టు ఇవ్వదు. పాత యాక్టివాకు ముందూ వెనుకా ఒకే కొలత, 90/100-10, కనుక రెండూ కలిపి కొంటే బేరం ఆడవచ్చు.

తరువాత ఆయిల్. యాక్టివా వంటి బండికి లీటరు డబ్బా మొత్తం పోయనక్కరలేదు, 700 నుంచి 800 మిల్లీలీటర్లు సరిపోతాయి. డబ్బా మీద 10డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనం) అనీ, ఎంబీ (స్కూటర్లకు తగిన రకం) అనీ ఉండేట్లు చూసుకోండి. ఎంఏ అని ఉన్నది మోటారు సైకిళ్ల తడి క్లచ్ కోసం తయారైనది. డిప్‌స్టిక్‌తో చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండు మీద ఉండాలి, కర్రను మరబిగించకుండా ఊరికే దించి చూడాలి. వెనుక చక్రం దగ్గరి గేరు ఆయిల్‌ను సర్వీసులో చాలామంది మరిచిపోతారు. ఉన్నది ఆ గుక్కెడే అయినా, మార్చని బండిలో గేర్లు రొద పెడతాయి.

పికప్ మందగించి, యాక్సిలరేటర్ ఇచ్చినంత వేగం రాక ఇంజిన్ ఊరికే అరుస్తోందంటే, ఇంజిన్ శక్తిని వెనుక చక్రానికి అందించే బెల్టును చూడడానికి ఎడమ వైపు కవరు విప్పాలి. 8 నంబరు స్పానరుతో మరలు తీసి, ఏ మర ఎక్కడిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకోండి. వాటి పొడవులు వేరువేరు. కవరు కిక్కుతో సహా ఊడి వస్తుంది. లోపల నల్లని పొడి పేరుకుని ఉంటుంది, దానిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. బెల్టును వెనక్కి వంచి పళ్ల మధ్య చూస్తే సన్నని పగుళ్లు కనిపిస్తాయి, అంచులు పీచులు లేచి ఉంటాయి. ఇరవై అయిదు వేల కిలోమీటర్లు దాటిన బెల్టును పగుళ్లు లేకపోయినా మార్చడమే మంచిది, అది తెగేది ఎప్పుడూ ఊరి బయటే. బెల్టు తిరిగే ముందు పుల్లీలో ఆరు రోలర్లు (చిన్న గుండ్రని దిమ్మెలు) ఉంటాయి. ఒకదానిని తీసి చదునైన బల్ల మీద దొర్లించండి. గుండ్రంగా ఉన్నది సాఫీగా పోతుంది. ఒక పక్క చెక్కినట్లు అరిగినది రెండు పొర్లింతలు పొర్లి ఆగిపోతుంది. ఒక్కటి అరిగినా ఆరింటినీ కలిపి మార్చాలి. కొత్త బెల్టు మీది బాణం తిరిగే దిశకే ఉండాలి, బెల్టు తగిలే పుల్లీ పళ్లేలకు గ్రీజు చుక్క కూడా అంటకూడదు. పుల్లీ నట్టు కోసం సుత్తి, ఉలి వాడేవారి చేతికి మాత్రం బండి ఇవ్వకండి; అక్కడ ఇంపాక్ట్ గన్ (గట్టి నట్లు విప్పే యంత్రం) కావాలి.

చాలాకాలం ఊరికే నిలబెట్టిన బండి స్టార్ట్ అయి, యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతుంటే కార్బ్యురేటర్‌లో పైలట్ జెట్ (నిలిచి ఉన్నప్పుడు పెట్రోలు అందించే సన్నని రంధ్రం) మూసుకుపోయి ఉంటుంది. పాత పెట్రోలును కింది స్క్రూ వదులు చేసి కార్చివేసి, జెట్‌ను క్లీనర్ స్ప్రేతో కడగాలి. రంధ్రంలోకి సూది గాని తీగ గాని దూర్చితే అది పెద్దదై, ఆ తరువాత మైలేజీ తిరిగి రాదు. యాక్టివా వంటి బండ్లలోని కాగితపు ఎయిర్ ఫిల్టర్‌కు నూనె పట్టించి ఉంటుంది కనుక గాలి కొట్టి వాడుకోవడం కుదరదు, కొత్తది వేయడమే.

సెల్ఫ్ పనిచేయకపోతే వెంటనే బ్యాటరీ కొనేయకండి. మల్టీమీటరుతో బ్యాటరీ వోల్టేజిని ఇంజిన్ ఆపి ఉన్నప్పుడూ, స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ కాస్త ఇచ్చినప్పుడూ చూడండి. రెండోసారి అంకె 13.5 వోల్టులకు పైగా, 14.5కు దగ్గరగా లేవకపోతే ఛార్జింగే రావడం లేదు. కొత్త బ్యాటరీ కూడా నెలలోపే పడుకుంటుంది.

రంగు, స్టిక్కర్లు, కొత్త సీటు కవరు, వీటికి ఇప్పుడు తొందర లేదు. ఈ మరమ్మతులన్నీ అయ్యాక 500 కిలోమీటర్లు నడిపి, చక్రాల నట్లు, సైలెన్సర్ మరలు మరొకసారి బిగించి, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంత తగ్గిందో చూడండి. గుర్తు కిందికి దిగకపోతే అప్పుడు పెయింటరును పిలవవచ్చు.