పాత టర్న్‌టేబుల్ కొన్నారా? ముందు ముల్లు మార్చండి

సెకండ్ హ్యాండ్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) తెచ్చుకుని మళ్లీ ఎల్‌పీలు వింటున్నవాళ్లకు ఒక మాట. కొత్త ఆంప్లిఫయర్, ఖరీదైన కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే చిన్న భాగం) అంటూ అప్పుడే వెతకకండి. ముందు ముల్లు మార్చండి. పాతది ఎన్ని గంటలు తిరిగిందో అమ్మినవాళ్లకే తెలియదు. మామూలుగా 500 నుంచి 1000 గంటల్లో అరిగిపోతుంది. అరిగిన ముల్లు పాటను గరగరలాడించడంతో ఆగదు, రికార్డు గాడినే కోసేస్తుంది. ముల్లు మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ రికార్డు మళ్లీ దొరుకుతుందో లేదో!

తర్వాత బెల్టు ఉన్న మోడల్ అయితే అది సాగిందేమో చూడండి. ప్లాటర్ (రికార్డు పెట్టే, తిరిగే పళ్లెం) అంచున చిన్న కాగితం ముక్క అంటించి, 33 స్పీడులో (అంటే నిమిషానికి 33⅓ చుట్లు) 3 నిమిషాలు చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా 100 చుట్లు రావాలి. 97, 98 దగ్గరే ఆగిపోతే ఎక్కువసార్లు బెల్టుదే తప్పు.

ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే కడ్డీ) గాడి మీద మోపే బరువు కూడా ముఖ్యం. వెనక బరువును తిప్పుతూ ఆర్మ్ గాల్లో సమంగా తేలేలా చేసి, డయల్ 0 దగ్గర పెట్టి, అక్కడి నుంచి కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన గ్రాములకు తిప్పండి. చాలావాటికి 2 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. తక్కువ పెడితే రికార్డుకు మంచిదనుకుంటారు కానీ, మరీ తేలికైతే ముల్లు గాడిలో ఎగిరెగిరిపడి ఇంకా పాడుచేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా అప్‌గ్రేడ్ కావాలనిపిస్తే, అదే కార్ట్రిడ్జ్‌కు సరిపోయే ఎలిప్టికల్ మొన ముల్లు దొరుకుతుందేమో చూడండి. గుండ్రటి మొన కంటే సన్నని స్వరాలు బాగా పలుకుతాయి.