కమాండ్ లైన్‌లో సీడీ బర్నింగ్ – 4వ పాఠం: చెక్‌సమ్ కలవనప్పుడు

ఈ పాఠంలో ఆడియో సీడీలు మొదలు కావాలి. అవి వచ్చే పాఠానికి జరుగుతున్నాయి. గత పాఠం చివరి అభ్యాసంలో ఐఎస్ఓ ఇమేజ్ (సీడీకి రాసే డేటా అంతా ఉన్న ఫైలు) ఎండీ5నూ (బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే చెక్‌సమ్, అంటే సరిచూసే సంఖ్య), బర్న్ చేసిన డిస్కు ఎండీ5నూ పోల్చినవారిలో చాలామందికి రెండూ కలవలేదు. కొందరు డిస్కును చెత్తబుట్టలో వేశారు. దయచేసి ఆగండి. ఆ డిస్కుల్లో ఎక్కువ భాగం మంచివే అయి ఉంటాయి.

డేటా సీడీలో ఒక సెక్టారుకు (డిస్కు మీద ఒక్కో డేటా ముక్కకు) 2048 బైట్లు. మీ ఇమేజ్ 71,68,00,000 బైట్లు అనుకుందాం. అంటే సరిగ్గా 3,50,000 సెక్టార్లు. ట్రాక్-ఎట్-ఒన్స్ (ఒక్కో ట్రాక్‌ను విడిగా రాసే) పద్ధతిలో రాస్తే, ట్రాక్ చివర డ్రైవ్ మరో రెండు రన్-అవుట్ సెక్టార్లు చేరుస్తుంది. డిస్కు విషయసూచిక ప్రకారం ట్రాక్ పొడవు 3,50,002 అవుతుంది. ఆ రెండింటిలో మీ డేటా ఏమీ ఉండదు, చదవబోతే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం) కొన్ని సెక్టార్లు ముందుకు చదివి పెట్టుకుంటుంది కాబట్టి, ఆ ఎర్రర్ పక్కనున్న మంచి సెక్టార్లనూ అందకుండా చేయవచ్చు. దీనికి విరుగుడుగా ‘-ప్యాడ్’ ఇస్తే వోడిమ్ (మనం వాడే బర్నింగ్ ప్రోగ్రాము) 15 సున్నా సెక్టార్లు, అంటే 30,720 బైట్లు కలుపుతుంది. మీ డేటా చివర క్షేమం. కానీ ఎండీ5కు ఒక్క బైటు ఎక్కువైనా ఫలితం మొత్తం మారిపోతుంది. అంటే మీరు పోల్చింది వేర్వేరు పొడవులున్న రెండింటిని.

ఇక్కడే అందరూ చెప్పే సలహా ఒకటుంది: ‘వేగం తగ్గించి మళ్లీ బర్న్ చేయండి.’ ఈ సలహా వల్ల ఎన్ని డిస్కులు వృథా అయ్యాయో! పొడవులో ఉన్న తేడా వేగంతో పోదు. ముందు కొలవండి, తర్వాతే డిస్కును అనుమానించండి.

ఇమేజ్ ఎంత ఉందో అంతే చదవండి:

డీడీ ఐఎఫ్=/డెవ్/ఎస్ఆర్0 బీఎస్=2048 కౌంట్=350000 | ఎండీ5సమ్

కౌంట్ అంటే ఇమేజ్ బైట్లను 2048తో భాగిస్తే వచ్చేది. చదివే ముందు ట్రే ఒకసారి బయటకు తీసి లోపలికి పెట్టండి. లేకపోతే కెర్నెల్ ఖాళీ డిస్కు నాటి పాత వివరాలనే పట్టుకుని ఉండవచ్చు.

నేనైతే ఎండీ5 జోలికే వెళ్లను. రెండింటిని బైటు బైటుగా పోల్చే సీఎంపీ కమాండ్‌కు ఇమేజ్ పేరూ, పరికరం పేరూ ఇస్తాను. ‘ఇమేజ్ ముగిసింది’ అన్న అర్థంలో ఈఓఎఫ్ (ఫైలు ముగింపు) సందేశం వస్తే, చివరి బైటు వరకూ అంతా కలిసినట్టే, డిస్కులో మిగిలింది మీ డేటా తర్వాత అదనంగా చేరినదే. ఏదైనా బైటు దగ్గర తేడా ఉందని చెబితే మాత్రం అది నిజమైన లోపం, ఎన్నో బైటో కూడా అదే చూపిస్తుంది. ఎండీ5 ఆ చోటు చూపించలేదు.

ఒకే ట్రాక్ ఉన్న డేటా డిస్కుకు ‘-డీఏఓ’ (డిస్క్-ఎట్-ఒన్స్, డిస్కంతా ఒకే విడతలో రాయడం) వాడండి. రన్-అవుట్ సెక్టార్ల గొడవే ఉండదు.

అభ్యాసం: రీరైటబుల్ డిస్కు తీసుకోండి. ఒకే ఇమేజ్‌ను మూడుసార్లు రాయండి: ట్రాక్-ఎట్-ఒన్స్‌లో ప్యాడ్ లేకుండా, ప్యాడ్‌తో, తర్వాత డీఏఓతో. మధ్యలో ‘బ్లాంక్=ఫాస్ట్’తో చెరపండి. ప్రతిసారీ వోడిమ్ ‘-టీఓసీ’ (డిస్కు విషయసూచిక) చూపే లీడ్-అవుట్ (ట్రాక్‌లన్నీ ముగిశాక వచ్చే భాగం) ఎక్కడ మొదలవుతుందో ముందే లెక్కగట్టి కాగితం మీద రాసుకోండి. మూడు అంకెలూ తెరమీది వాటితో కలిసేదాకా ఆడియో పాఠం తెరవకండి.